పిడికిటి బియ్యం, జీతం లేని సేవ

హైదరాబాదుకు తూర్పున ఉన్న హబ్సిగూడకు ఆ పేరు, ఆఫ్రికాలోని అబిసీనియా ప్రాంతం నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన హబ్షీల వల్ల ఏర్పడిందని స్థానికులు చెప్పుకుంటారు. కొందరు బానిసలుగా, కొందరు సిపాయిలుగా ఈ దేశానికి వచ్చి, యజమాని చిత్తమే తమ చిత్తంగా బతకవలసి వచ్చిన మనుషుల జ్ఞాపకం ఒక పేటకు పేరుగా మిగిలింది. ఆ పేట నుంచి బయలుదేరి తార్నాక చౌరస్తా, ఉస్మానియా విశ్వవిద్యాలయం, అడిక్‌మెట్ దాటి రాంనగర్ వైపు సాగితే గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను అనే క్రైస్తవ ప్రార్థనాస్థలం వస్తుంది. అక్కడ కూడా మనుషులు తమ చిత్తాన్ని మరొకరి చిత్తానికి లోబరిచారు. అయితే వారిని ఎవరూ కొని తేలేదు, ఎవరూ జీతమిచ్చి కుదుర్చుకోలేదు. చదువును, ఉద్యోగాన్ని, ఆస్తిలో వాటాను, రేపటి గురించిన ఆలోచనను దేవుని చేతిలో పెట్టి, ఎవరినీ ఏమీ అడగకుండా బతకడాన్ని వారు ఒక జీవనపద్ధతిగా ఎంచుకున్నారు. ఈ పద్ధతి హెబ్రోనులో పుట్టినది కాదు. తెలుగునేల మీద దానికి అంతకుముందే నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది, ఆ చరిత్రలో ఇంజనీర్లు, దంతవైద్యులు ఎంతమంది ఉన్నారో, పేరు కూడా నమోదు కాని మాల, మాదిగ స్త్రీలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నారు.

తెలుగు క్రైస్తవులు ఈ భావాన్ని చెప్పడానికి వాడే మాటలు కొన్ని ఉన్నాయి. ఒకరు "సేవకు సమర్పించుకున్నారు" అంటే సొంత వృత్తిని విడిచి పూర్తికాలం సువార్త పనిలోకి వచ్చారని అర్థం. "అప్పగించుకోవడం" అంటే ఒక కష్టాన్నో కోరికనో దేవుని చేతిలో పెట్టి, దాని ఫలితం మీద తన పట్టును వదులుకోవడం. "కనిపెట్టడం" అనే మాట ఈనాటి వాడుకలో కొత్తదాన్ని కనుగొనడం అనే అర్థానికి పరిమితమైపోగా, ప్రార్థనామందిరాల్లో మాత్రం దాని పాత అర్థం ఇంకా సజీవంగా ఉంది. అక్కడ కనిపెట్టడమంటే తొందరపడకుండా, చూపు తిప్పుకోకుండా దేవుని జవాబు కోసం వేచి ఉండడం. ఈ మాటలన్నిటికీ మూలం సువార్తల్లోని గెత్సేమనే తోట ఘట్టం. సిలువకు ముందటి రాత్రి యేసు తన ముందున్న శ్రమ తొలగిపోవాలని మొదట అడిగాడు, ఆ తరువాతనే తన ఇష్టం కాక తండ్రి ఇష్టమే జరగాలని ఒప్పుకున్నాడు. ఈ వరుస చాలా ముఖ్యమైనది. కోరికను చంపుకోవడం ఇక్కడి ఆదర్శం కాదు. కోరికను దాచకుండా నోరు తెరిచి చెప్పి, ఆ తరువాత దాన్ని తీర్చాలో వద్దో నిర్ణయించే అధికారాన్ని దేవునికి విడిచిపెట్టడం ఇందులోని సారం.

తెలుగువారికి ఇది పూర్తిగా కొత్త భావం కాదు. భగవంతుడి పాదాలే దిక్కని తనను తాను అప్పగించుకునే శరణాగతిని, అంటే వైష్ణవులు ప్రపత్తి అని పిలిచే మార్గాన్ని, తెలుగు పదకవులు శతాబ్దాల పాటు పాడుతూ వచ్చారు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి బ్రాహ్మణ కుటుంబాన్ని, దానితో వచ్చిన గౌరవాన్ని విడిచి క్రైస్తవుడై, 1890లో మరణించే నాటికి పెద్ద సంఖ్యలో కీర్తనలు రాసినప్పుడు, ఆ కీర్తనలకు ఎంచుకున్న బాణీ ఆ పదకవిత్వానిదే. అందువల్ల తెలుగు క్రైస్తవ కీర్తనలో సమర్పణ దిగుమతి అయిన సరుకులా ధ్వనించదు. పాట విషయంలో దారి అంత సులువుగా కుదిరినా, డబ్బు విషయంలో, కూటి విషయంలో సమర్పణ ఎలా ఉండాలన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది.

ఆ ప్రశ్నను ఆచరణలో మొదట పరీక్షించినవారు గోదావరి డెల్టాకు వచ్చిన కొద్దిమంది. ఇంగ్లాండులోని ఎక్సెటర్ పట్టణంలో మంచి రాబడి ఉన్న దంతవైద్యుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, క్రైస్తవుడు సంపద కూడబెట్టుకోకుండా ఉన్నదంతా దేవుని పనికి ఇచ్చివేయాలని వాదిస్తూ 1825లో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. రాసి ఊరుకోలేదు; వృత్తిని వదిలాడు, ఏ మిషన్ సంస్థ జీతం పుచ్చుకోకుండా కుటుంబంతో బాగ్దాదు వెళ్లాడు. అక్కడ 1831లో ప్లేగు మహమ్మారికి భార్యను పోగొట్టుకున్నాడు. 1833లో భారతదేశానికి వచ్చి, తిరిగి ఇంగ్లాండు వెళ్లి, 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులను వారి భార్యలతో సహా వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ రెండు కుటుంబాలు నర్సాపురం కేంద్రంగా మొదలుపెట్టిన పనే తరువాత గోదావరి డెల్టా మిషన్ అయింది. బ్రిస్టల్‌లో వేలమంది అనాథలను ఎవరినీ చందా అడగకుండా పోషించాడని పేరు పొందిన జార్జి ముల్లర్ గ్రోవ్స్ చెల్లెలి భర్త. ఈ బృందమంతటిదీ ఒకటే నియమం: అవసరం కలిగినప్పుడు మనిషికి కాక దేవునికి మాత్రమే చెప్పాలి. తెలుగు సంఘాలు దీనినే "విశ్వాసం మీద బతకడం" అంటాయి.

బౌడెన్, బీర్‌లు ధవళేశ్వరం ఆనకట్ట పనుల్లో చేరిన కూలీల మధ్య బోధించారు. 1847 నుంచి 1852 వరకు అక్కడ గోదావరి మీద ఆనకట్ట కడుతున్న ఆర్థర్ కాటన్ అధికారికంగా ప్రభుత్వ ఇంజనీరు, ఆనకట్ట ప్రభుత్వ ఖర్చుతో లేచింది. దాని పక్కనే గడ్డి కప్పు కింద బోధిస్తున్నవారికి వచ్చే నెల ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు. ఒకటి లెక్కలతో, మరొకటి లెక్క లేకుండా, ఒకే గట్టు మీద జరిగిన ఈ రెండు పనులను కలిపి చూస్తే తప్ప ఆ కాలపు డెల్టా చరిత్ర పూర్తిగా అర్థం కాదు. గ్రోవ్స్ మాత్రం చిత్తూరులో వ్యవసాయం, పట్టుపురుగుల పెంపకం చేసి సేవకు ఆధారం కల్పించబోయి అప్పులపాలై, 1853లో బ్రిస్టల్‌లో ముల్లర్ ఇంట కన్నుమూశాడు. తాను ఓడిపోయాననే బాధ అతన్ని చివరిదాకా వదలలేదు. దేవుని చేతిలో పెట్టిన పని ప్రతిసారీ మనిషి కళ్లముందే పండుతుందని అతని జీవితం చెప్పదు.

గోదావరికి దక్షిణాన, ఒంగోలు ప్రాంతంలో ఇదే భావం మరో రూపం తీసుకుంది. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మొదలుపెట్టిన మిషన్ ఫలితం లేక మూతపడే స్థితికి చేరినప్పుడు, 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న గుట్ట ఎక్కి ప్రార్థించారు. ఐదుగురిలో ముగ్గురు తెలుగువారే కావడం, వారిలో ఇద్దరు స్త్రీలు కావడం గమనించవలసిన సంగతి. ఆ ఊరికి 1866లో వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ, ఆ ప్రాంతంలో అందరూ క్లౌ దొర అని పిలిచే మిషనరీ, మాదిగల నుంచి మూడు విషయాలు కోరాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. బయటికి చిన్నవిగా కనిపించే ఈ నియమాల వెనుక ఉన్న త్యాగం ఎంతటిదో అర్థం కావాలంటే ఆనాటి పల్లె ఆర్థిక వ్యవస్థను గుర్తు చేసుకోవాలి. మాదిగ కుటుంబం చచ్చిన పశువును ఎత్తినందుకు, చెప్పులు, మోట తొండాలు కుట్టినందుకు, జాతరలో డప్పు కొట్టినందుకు పంట కళ్లంలో మేర దొరికేది. మేర అంటే ఊరి పనివారికి రైతు కళ్లంలోనే కొలిచి ఇచ్చే ధాన్యపు వాటా. డప్పు కొట్టనంటే మేర ఆగుతుంది, మేర ఆగితే ఏడాది కూడు ఆగుతుంది. బావి దగ్గర, అంగడి దగ్గర దారులు మూసుకుపోయిన పల్లెలు అనేకం. దేవుణ్ణి నమ్ముకోవడం అనే మాట అక్కడ మనసులోని భావం కాదు, రేపు పొయ్యి వెలుగుతుందా లేదా అనే ప్రశ్న.

1876-78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించాడు. కూలి కోసమే మతంలో చేరుతున్నారనే మాట రాకూడదని, ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిని నీళ్లలో ముంచి లేపినవారు తెలుగు బోధకులే. ఆ సంఖ్యను మిషన్ చరిత్రలు చాలాసార్లు చెప్పుకున్నాయి గానీ, సహాయం ఆగిపోయాకనే వారు వచ్చారన్న విషయానికి ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు.

క్యాథలిక్ సంప్రదాయంలో సమర్పణ మొదటి నుంచీ ఒక వ్యవస్థగా ఉంది. మఠకన్యలు, అంటే సన్యాసినులు, పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు తీసుకుంటారు. సొంత ఆస్తి, సొంత కుటుంబం, సొంత నిర్ణయం అనే మూడింటినీ బహిరంగంగా విడిచిపెట్టడమే ఆ వ్రతాల అర్థం. ఇటలీలోని ట్యూరిన్‌లో 1834లో స్థాపితమైన సెయింట్ ఆన్ సభకు చెందిన సిస్టర్లు 1871లో సికింద్రాబాదుకు వచ్చి బడి తెరిచారు. తార్నాకలో సెయింట్ ఆన్స్ పేరు తెలియని ఇల్లు ఉండదు, ఆ బడిలో చదివిన పిల్లలు అన్ని మతాలవారూ ఉన్నారు. అయితే ఈ మార్గం కొందరికే. పెళ్లి, పిల్లలు, పొలం, అప్పు ఉన్న సామాన్య విశ్వాసి తన సమర్పణను ఏ రూపంలో చూపాలి?

ఆ ప్రశ్నకు నిజాం రాజ్యంలోనే, దోర్నకల్లులో జవాబు దొరికింది. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, 1903లో భారతీయుల డబ్బుతో, భారతీయుల పనితో నడిచే ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో ముఖ్యపాత్ర వహించి, 1909లో తానే మిషనరీగా దోర్నకల్లుకు వచ్చాడు. సొంత భాష కాని తెలుగును నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడైనప్పుడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న మరణించే వరకు ఆయన మేత్రాసనంలో, అంటే బిషప్పు పాలన కింద ఉన్న ప్రాంతంలో, చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు, ఏడాదిలో కొన్ని నెలలు ఒంటిపూట తిండితో గడిపేవారు. వారి దగ్గర కానుకలు అడగడం తప్పని, వారికి ఇవ్వడమే ధర్మమని చాలామంది విదేశీయులు అనుకున్నారు. అజరయ్య దీనికి విరుద్ధంగా ఆలోచించాడు. క్రైస్తవుల దానం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాసిన ఆయన, ఎంత పేదవాడైనా ఇవ్వకుండా ఉంటే అతని విశ్వాసం ఎదగదని, ఇవ్వడం ధనవంతుల సౌకర్యం కాదని పట్టుబట్టాడు.

ఈ పట్టుదల ఇళ్లలోకి పిడికిటి బియ్యం అనే ఆచారంగా వెళ్లింది. ఆచారం చూడడానికి చాలా చిన్నది. ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టి, చాటలో బియ్యం చెరిగి, రాళ్లు ఏరి, కడగబోయే ముందు అందులో నుంచి ఒక పిడికెడు తీసి మూలనున్న కుండలో వేస్తుంది. జొన్నలు, సజ్జలు తినే ఇంట్లో ఆ గింజలే వేస్తుంది. బయటి నుంచి తెచ్చి వేయడం కాదు, ఆ పూట ఇంటిల్లిపాదీ తినవలసిన దానిలో నుంచే తీయడం ఇందులోని కిటుకు. నలుగురికి సరిపోని గింజల్లో ఒక పిడికెడు తగ్గితే ఆ తగ్గింపు ఎవరి కంచంలో పడుతుందో తెలుగు ఇళ్లు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. అందరికీ వడ్డించి చివర తినే ఆమె కంచంలోనే. అందువల్ల ఈ కానుకను సంఘం లెక్కల్లో కుటుంబం పేరున రాసినా, న్యాయంగా అది ఆమె కానుక. వారం గడిచాక కుండ గుడికి వెళుతుంది, అక్కడ గింజలన్నీ ఒక్క రాశిగా కలుస్తాయి, అమ్మగా వచ్చిన పైకం బోధకుడి పోషణకో మందిరం కప్పుకో ఖర్చవుతుంది. ఎవరి గింజ ఏదో రాశిలో తెలియదు.

ఇదే ఆచారం వేరుచోట్ల కూడా బలంగా నిలిచింది. ఈశాన్యాన మిజోరంలో 1910లో మొదలైన 'బుహ్‌ఫై థామ్', అంటే పిడికెడు బియ్యం, అక్కడి సంఘాల ఆదాయంలో నేటికీ పెద్ద వాటా. అయితే తెలుగునాట ఈ పనికి మరో లోతు ఉంది, అది భాషలోనే కనిపిస్తుంది. సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి. తెలుగులో ముష్టి అంటే బిచ్చం. వాకిట నిలిచిన వాడి జోలెలో పిడికెడు గింజలు వేయడం నుంచి ఆ అర్థం వచ్చింది. తరతరాలుగా ఊరి వాకిళ్లలో ఆ పిడికిలి కింద చేయి చాచి నిలబడవలసి వచ్చిన కులాల స్త్రీలు, ఈ ఆచారంతో మొదటిసారి పిడికిలికి పైన ఉన్న చేయి అయ్యారు. సమర్పణ అంటే ఉన్నదానితో తృప్తిపడి నోరు మూసుకోవడమని, పేదవారికి దాన్ని బోధించడం వారిని అణచి ఉంచడానికేనని ఒక విమర్శ ఎప్పటి నుంచో ఉంది. ఆ విమర్శకు తగిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు. కానీ దోర్నకల్లు కుండ విషయంలో అది తప్పుతుంది. ఏమీ లేదనిపించుకున్న మనిషి ఇవ్వగలిగినప్పుడు, తనకంటూ ఒకటి ఉందని ముందు తానే ఒప్పుకుంటుంది. తనది కానిదాన్ని ఎవరూ సమర్పించలేరు. ఇష్టాన్ని దేవునికి ఇవ్వాలన్నా ఆ ఇష్టం మొదట తనదై ఉండాలి, పల్లెలో ఆ హక్కును ఆమెకు ఎవరూ అంతకుముందు ఒప్పుకోలేదు.

పంటలు ఇంటికి చేరే కాలంలో జరిగే కోతపండుగలో ఈ ఇవ్వడం పెద్ద ఎత్తున కనిపించేది, ఇప్పటికీ తెలుగు సంఘాల్లో కనిపిస్తుంది. కోడి, గుడ్లు, గుమ్మడికాయ, సొరకాయ, ధాన్యపు బస్తా, మేకపిల్ల, ఏది ఉంటే అది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాకిట్లో వేలం వేస్తారు. ఒక కొబ్బరికాయను పాడుకున్నవాడు దాన్ని మళ్లీ సంఘానికే ఇచ్చివేయడం, మరొకరు మళ్లీ పాడడం మామూలు. ఇటువంటి కానుకలు కూడా కలిసి, ఏళ్ల తరబడి సాగిన నిర్మాణం తరువాత, 1939 జనవరి 6న దోర్నకల్లు ఎపిఫనీ కతీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు, మినారులు, తామర రేకుల స్తంభాలు కలిసిన ఆ కట్టడం నిలిచిన ఏడాదే, డిసెంబరు 4న, అదే నిజాం రాజ్యంలో ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమైంది. రెండింటి శిల్పంలోనూ హిందూ, ముస్లిం రీతుల కలయిక ఉంది. ఒకటి ఖజానా నుంచి లేచింది, మరొకదానిలో కుండల్లోని గింజలు కూడా ఉన్నాయి.

హెబ్రోను స్థాపకుడు భక్తసింగ్ కథ దీనికి దాదాపు ఎదురు కొస నుంచి మొదలవుతుంది. 1903 జూన్ 6న పంజాబులో సంపన్నమైన సిక్కు కుటుంబంలో పుట్టి, లండనులోనూ కెనడాలోనూ ఇంజనీరింగు చదివిన ఆయన, యవ్వనంలో తనకు దొరికిన బైబిలును చించి, తోలు అట్టను మాత్రం బాగుందని ఉంచుకున్న మనిషి. 1929లో కెనడాలో యేసును విశ్వసించి, 1932లో వాంకోవర్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. సేవకు రావాలనే పిలుపుకు లోబడినప్పుడు తన ముందు నిలిచినవని ఆయన సాక్ష్యంలో చెప్పుకున్న షరతులు మూడు: పంజాబులోని ఆస్తి మీద హక్కు వదులుకోవాలి, ఏ సంస్థలోనూ చేరకుండా అందరికీ సమానంగా సేవ చేయాలి, సొంత పథకాలు వేసుకోకుండా రోజురోజుకూ దేవుని నడిపింపును వెతకాలి. 1933 ఏప్రిల్‌లో బొంబాయి రేవులో దిగినప్పుడు తల్లిదండ్రులు ఎదురువచ్చి, నమ్మకాన్ని మార్చుకోనక్కరలేదని, కుటుంబ గౌరవం కోసం దాన్ని బయటికి చెప్పకుండా ఉంటే చాలని వేడుకున్నారు. ఆయన ఒప్పుకోలేదు, వారు ఆయనను అక్కడే విడిచి వెళ్లిపోయారు. తల్లిదండ్రులు అడిగింది చాలా కొంచెమే అనిపిస్తుంది, అందుకే ఆ తిరస్కారం అంత బరువైనది.

1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండ మీద కొద్దిమందితో ఒక రాత్రంతా ప్రార్థించిన తరువాత, ఆ ఏడాది జూలైలో 'యెహోవా షమ్మా' అనే స్వతంత్ర సంఘం మొదలైంది. డిసెంబరులో మొదటి 'హోలీ కాన్వొకేషన్', అంటే పాత నిబంధనలోని పండుగ కూడికలను అనుసరించి విశ్వాసులందరూ ఒకేచోట చాలా రోజులు కలిసి ఉండే పరిశుద్ధ సమావేశం, జరిగింది. 1950ల్లో హైదరాబాదులో హెబ్రోను ఆ ఉద్యమానికి ముఖ్యకేంద్రమైంది, తెలుగు పల్లెలు, పట్టణాలు దాని ప్రధాన క్షేత్రమయ్యాయి. ఇక్కడి సేవకులకు జీతం లేదు. నర్సాపురంలో ఉన్న నియమమే ఇక్కడా ఉంది, అయితే ఈసారి దాన్ని పాటించినవారు ఈ దేశస్థులు. తెలంగాణ పల్లెల్లో జీతం అనే మాటకు ఉన్న అర్థాన్ని బట్టి చూస్తే ఈ నియమం మరింత స్పష్టమవుతుంది; అప్పుకింద దొర ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసే పాలేరును జీతగాడు అంటారు. మిషన్ బంగళా నుంచి నెలనెలా డబ్బు అందుకున్న ఉపదేశి, అంటే గ్రామ బోధకుడు, దొర మాట కాదనలేని జీతగాడిగానే ఊరి కళ్లకు కనిపించేవాడు. జీతం లేని సేవకుడు పస్తున్నా, ఎవరి మనిషీ కాడు.

కాన్వొకేషన్ల రోజుల్లో ఈ నియమం వేలమంది కళ్లముందు పరీక్షకు నిలిచేది. చందాల కోసం పిలుపు ఇవ్వరు, భోజనానికి డబ్బు పుచ్చుకోరు, వచ్చినవారందరికీ పూటపూటకూ అన్నం వండుతారు. పెద్దపెద్ద గుండిగల్లో అన్నం ఉడుకుతుంటే, వంటవారి పక్కనే కొందరు మోకాళ్ల మీద ఉంటారు. చెప్పులు బయట విడిచి, నేల మీద చాపలపై పంక్తులుగా కూర్చుంటారు, ఆఫీసరైనా కూలీ అయినా ఆ పంక్తిలో పక్కపక్కనే కూర్చోవాలి. ఇతరులతో కలిసి తినడాన్ని కులం వందల ఏళ్లు నిషేధించిన నేలలో, ఆదివారం ఆరాధన తరువాతి ప్రేమవిందులో, అంటే సంఘమంతా కలిసి తినే భోజనంలో, కులగౌరవమనే కోరికను కూడా ఆకు ముందు వదులుకోవలసి ఉండేది. అందరూ దాన్ని నిజంగా వదులుకున్నారా అన్నది వేరే సంగతి. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి తెలుగు క్రైస్తవుల్లో కులం తిరిగి తలెత్తిన విషయం దాచిపెట్టేది కాదు.

ఈ పద్ధతి భారం ఎవరి మీద పడిందో కూడా చెప్పాలి. విశ్వాసం మీద బతుకుతానని తీర్మానించుకున్నది సేవకుడు. ఆ తీర్మానంలోకి పుట్టినవారు అతని పిల్లలు, పెళ్లితో వచ్చినది అతని భార్య. ఉద్యమ చరిత్రలు బోధకుల ప్రయాణాలను రాసినంత వివరంగా వారి వంటిళ్లను రాయలేదు. పిడికిటి బియ్యం కుండ పక్కన కూర్చున్న ఆమె లాగానే ఈమె కూడా చివర తిన్న మనిషి. సమర్పణ చరిత్రను పూర్తిగా రాయాలంటే వేదిక మీది సాక్ష్యాలతో పాటు ఈ ఇద్దరి పొయ్యిల దగ్గరి లెక్క కూడా కావాలి.

ఉస్మానియా చుట్టుపక్కల నివసించే విద్యార్థుల విషయంలో సమర్పణ మరో రూపంలో ముందుకు వచ్చింది. 1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా, అంటే యు.ఇ.ఎస్.ఐ., కళాశాలల్లో చిన్న చిన్న బైబిలు అధ్యయన బృందాలుగా పనిచేస్తూ, చదువు ముగించి ఉద్యోగాల్లో చేరిన పట్టభద్రుల కానుకల మీద ప్రధానంగా ఆధారపడింది. పొద్దున్నే ఒంటరిగా బైబిలు చదివి ప్రార్థించే ఏకాంత ధ్యానం, ఉద్యోగం, పెళ్లి వంటి నిర్ణయాల్లో దేవుని చిత్తం కోసం కనిపెట్టడం ఈ బృందాల నుంచి ఎన్నో ఇళ్లకు అలవాటుగా చేరాయి. భూభౌతిక, రసాయన, జీవశాస్త్ర పరిశోధనాలయాలు వరుసగా నిలిచిన హబ్సిగూడ, తార్నాక దారిలో కోరికలు మార్కుల రూపంలో, ఫెలోషిప్పుల రూపంలో, విదేశీ వీసాల రూపంలో ఉంటాయి గనుక, ఇక్కడి యువతకు గెత్సేమనే ప్రార్థన కూడా ఆ రూపాల్లోనే ఎదురవుతుంది.

అందులో ఒక రూపం మాత్రం రాజ్యం సృష్టించినది. 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులాలుగా గుర్తించరాదని నిర్దేశించింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ నియమం సడలింది, క్రైస్తవులకు సడలలేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులను వెనుకబడిన తరగతుల్లో 'సి' విభాగంగా చూపి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. ఫలితంగా విశ్వవిద్యాలయంలో ప్రవేశపు దరఖాస్తు నింపే దళిత క్రైస్తవ యువతి, మతం అని ఉన్న గడిలో తన నిజమైన నమ్మకాన్ని రాస్తే, పదిహేను శాతం సీట్లున్న వరుస నుంచి ఒక శాతం వరుసలోకి వెళ్లవలసి ఉంటుంది. బొంబాయి రేవులో ఒక తండ్రి కొడుకును అడిగినదే ఆ గడి ఆమెను అడుగుతుంది: నమ్ముకో, బయటికి చెప్పకు. ఆమె ఏది రాసినా, ఏదో ఒకటి వదులుకోక తప్పదు. దేవునికి ఇష్టపూర్వకంగా ఇవ్వడం వేరు, చట్టం బలవంతంగా తీసుకోవడం వేరు. ఆమె పోగొట్టుకున్నదాన్ని సమర్పణ అని పిలిచి ఊరడించడం అన్యాయం. సంఘాలు ఈ తేడాను ఎప్పుడూ తగినంత గట్టిగా చెప్పలేదు, అయినా ఈ నియమాన్ని ప్రశ్నిస్తూ దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా వీధుల్లోనూ న్యాయస్థానాల్లోనూ పోరాడుతూనే ఉన్నారు. ప్రార్థన చేసిన చేతులే దరఖాస్తులు కూడా రాశాయి.

భక్తసింగ్ జీవితంలో చివరి పదేళ్లు హెబ్రోనులోనే, పార్కిన్సన్స్ వ్యాధితో మంచం మీద గడిచాయి. సొంత పథకాలు వేసుకోనని యవ్వనంలో మాట ఇచ్చిన మనిషి, మోకాళ్ల మీద గంటల తరబడి గడిపిన మనిషి, తనంతట తాను ప్రక్క మార్చుకోలేని స్థితికి చేరి, తినిపించేవారి చేతుల మీద, తుడిచేవారి చేతుల మీద బతికాడు. 2000 సెప్టెంబరు 17న ఆయన మరణించాక జనం గోల్కొండ చౌరస్తా దారులన్నీ నిండి, నారాయణగూడ శ్మశానవాటిక దాకా వెంట నడిచారు. ఆయన పేరున ఆస్తి లేదు.

హబ్సిగూడ వైపు కొన్ని అపార్టుమెంట్లలో పొయ్యి మారింది, ఎసరు పోయింది, కుక్కరు గిన్నెలోకి బియ్యం కొలిచే ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. అయినా రెండు గ్లాసులు పోశాక, నీళ్లు పట్టబోయే ముందు, చేయి ఒకసారి గిన్నెలోకి దిగి పిడికెడు బియ్యాన్ని పక్కనున్న డబ్బాలో వేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ చేతికి కొలత తెలుసు, గ్లాసు అక్కరలేదు.